ఉంగరపు వేలి నడిమి కణుపు

ఇవాళ పొద్దున్న పలివెలలో ఒక సామవేద పండితుడితో, ఆయన శిష్యులందరూ వింటూ ఉండగా, "స్వరం చోటు మీరే మర్చిపోయి ఉంటారు" అన్నాను. ఆయన మర్చిపోలేదు. తప్పు నా లెక్కలో ఉంది. ఆ తప్పు కొన్నాళ్ళ కిందటే నా కంటికి కనిపించింది కూడా. చూసి, పట్టించుకోకుండా వదిలేసేను.

ఆయన మా బావగారు. నా భార్యకి సొంత అన్నగారు.

ముందు నా పనేమిటో చెప్పకపోతే ఇదేదీ అర్థం కాదు. కొత్తపేటలో ఇంట్లోనే కూర్చుని హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాస్తాను. ఏం ప్రోగ్రాములని ఎవరైనా అడిగితే గ్రాఫిక్సు అంటాను. "అంటే సినిమాలకాండీ?" అంటారు. కాదంటే ఆసక్తి పోతుంది. నిజానికి చేసేదొక్కటే పని. ఒక చెయ్యినో, పాదాన్నో, మొహాన్నో అన్ని వైపుల నుంచీ స్కాను తీస్తే కంప్యూటర్లో అది వేల చుక్కల వలలాగా వచ్చి కూర్చుంటుంది. అలాంటివి రెండు ఇస్తారు. మొదటిదాని మీద ప్రతి చుక్కకీ రెండోదాని మీద జత చుక్క ఎక్కడుందో చెప్పాలి. ఈ చేతి చూపుడువేలి కొస ఆ చేతి చూపుడువేలి కొసకే వెళ్ళాలి. ఈ అరచేతి గీత ఆ అరచేతి గీత మీదే పడాలి. ఒక చెయ్యి లావు, ఒకటి సన్నం. ఒకటి పిడికిలి పట్టి ఉంటుంది, ఒకటి చాచి ఉంటుంది. అయినా సరే జత కుదరాలి.

మనిషి కంటికి ఇది పనే కాదు. ఎవరి చెయ్యి చూపించినా బొటనవేలు ఏదో పసిపిల్ల కూడా చెబుతుంది. కంప్యూటరుకి మాత్రం నరకం. ఉంగరపు వేలూ నడిమి వేలూ దానికి ఒకేలా కనిపిస్తాయి. ఎడమా కుడీ తెలీదు. ఎంతో కష్టపడి అయిదు వేళ్ళూ చోట్లో కూర్చోబెట్టేననుకునేసరికి ముంజేతి చుక్కలు వెళ్ళి చిటికెనవేలి మీద పడతాయి. దాన్ని సరిచేస్తే బొటనవేలు తిరగబడుతుంది. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, ఏ పూటా ఈ పని నన్ను ప్రశాంతంగా అన్నం తిననివ్వలేదు. ఒక జతకి కుదిరిన ఉపాయం ఇంకో జతకి కుదరదు. పాత పనంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఈ చిరాకులో నాకో దురలవాటు పట్టుకుంది. జత కుదరకపోతే నా ప్రోగ్రాం తప్పని ముందు అనుకోను. స్కాను బాగోలేదంటాను. ఒకసారి ఆరు వేళ్ళున్న పాదం వచ్చింది. నా ప్రోగ్రాం దాన్ని చూసి గందరగోళపడిపోయింది. స్కాను పాడైంది, మళ్ళీ తీసి పంపమని తిప్పి పంపేను. ఆ మనిషిని మళ్ళీ పిలిపించి, మళ్ళీ నిలబెట్టి, మళ్ళీ తీసేరు. మళ్ళీ ఆరు వేళ్ళే వచ్చేయి, ఎందుకంటే ఆయనకి ఉన్నవి ఆరు. అప్పుడు ఆఫీసులో అందరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వేను. సిగ్గుపడవలసిన చోట నవ్వి ఊరుకున్నాను.

ఇక బావగారి సంగతి. ఆయనకి కొబ్బరితోటలో ఆయిల్ ఇంజిను బెల్టులో కుడిచేతి ఉంగరపు వేలు పడింది. నడిమి కణుపుకి కొంచెం కిందవరకూ తీసేసేరు. మొదలు మాత్రం మిగిలింది. ఇంకొకరికైతే, పోనీలే, ప్రాణం దక్కింది, అనుకోవలసిన విషయం. ఆయనకి అలా కాదు. సామవేదం ఒక్క నోటితోనే చెప్పేది కాదు. గొంతులో స్వరం పలుకుతుంటే, బొటనవేలి కొస వెళ్ళి ఆ స్వరం ఏ వేలిదో ఆ వేలి కణుపు మీద ఆగుతుంది. శిష్యులు చెవితో ఎంత వింటారో కంటితో అంత చూస్తారు. మొదటి స్వరం బొటనవేలిదే, అక్కణ్ణించి వరసగా లెక్కపెడితే నాలుగో స్వరానిది ఉంగరపు వేలు. ఆ కణుపే ఆయనకి లేదు.

వేలు పోయినప్పటి నుంచీ ఆయన కుడిచేతిని ఉత్తరీయం కింద కప్పుకుని పాఠం చెబుతున్నారు. నోటితోనే. కొన్నాళ్ళకి పిల్లల చేతులు దారితప్పడం మొదలైంది. ఒకడు కణుపు పైన పెడతాడు, ఒకడు కింద పెడతాడు, ఒకడు ఏదో ఒక వేలు తాకేసి ఊరుకుంటాడు. దిద్దుదామంటే చెయ్యి బయటికి తియ్యాలి. తియ్యలేరు. "నా నోరు ఒకటి చెప్తోంది, వాళ్ళ చేతులు ఇంకోటి చెప్తున్నాయి. రేపు వీళ్ళు ఇంకొకళ్ళకి చెప్తారు. అప్పటికి ఏం మిగులుతుందోయ్?" అని నాతో ఒకసారి అన్నారు. చివరికి, వచ్చే అమావాస్య వెళ్ళిన విదియ నాడు కొత్త పాఠం మొదలవుతుంది, అప్పటికి చెయ్యి దారికి రాకపోతే ఇంకొకరిని పెట్టుకోండి, నేను తప్పుకుంటాను, అని పాఠశాల చూసుకునే హెడ్మాస్టరుగారితో చెప్పేసేరు. ఆ రిటైరైన హెడ్మాస్టరుగారు మనసొప్పకపోయినా దూరపు ఊరి నుంచి ఒకాయన్ని మాట్లాడి ఉంచేరు.

రాజమండ్రిలో సిలికానుతో వేళ్ళు చేసే ఒకాయన ఉన్నారని, మిగిలిన మొదలుకి తొడుగులా తొడుక్కోవచ్చని తెలిసినప్పుడు, కొలత బొమ్మ నేను చేసిస్తానని ముందుకి దూకినవాణ్ణి నేనే. ఎవరూ అడగలేదు. ఎడంచేతి ఉంగరపు వేలు నిక్షేపంలా ఉంది కదా. రెండు చేతులూ స్కాను తీసి, ఎడంచేతిని అద్దంలో చూసినట్టు తిప్పి, దాని చుక్కలకీ కుడిచేతి చుక్కలకీ జత కుదిర్చితే, ఎడం వేలు తెచ్చి కుడి మొదలు మీద ఎక్కడ, ఏ వాలులో పెట్టాలో తెలిసిపోతుంది. నేను రోజూ చేసే పనే.

ఒక్క సంగతి వదిలేసేను. నా ప్రోగ్రాం రెండు ఆకారాలూ నిండుగా ఉన్నాయనుకుని లెక్క మొదలుపెడుతుంది. ఒకదాంట్లో ముక్క లేదని దానికి తెలీదు. ఇలాంటప్పుడు కొన్ని చుక్కలు మనిషే కూర్చుని చేత్తో గుర్తు పెట్టాలి. ఇది ఇక్కడిదీ, ఇది అక్కడిదీ, దీనికి మాత్రం జత లేదు, అని చెప్పాలి. నాకు చేత్తో గుర్తు పెట్టడమంటే నామోషీ. అది నా ప్రోగ్రాం ఓడిపోయినట్టు లెక్క. బావగారు స్కాను తీసిన రోజున, "నన్ను పక్కన కూర్చోమంటావేమిటోయ్? ఏ కణుపు ఎక్కడో చెప్తాను" అన్నారు. "అక్కర్లేదండీ బావగారూ, అదే కనిపెడుతుంది" అన్నాను.

వేలు తయారై వచ్చింది. ఇవాళ పొద్దున్న దాన్ని తీసుకుని పలివెల వెళ్ళేను. పాఠశాలంటే ఒక పెంకుటిల్లు, ముందు పొడుగాటి వసారా. వసారాలో పిల్లలు రెండు వరసల్లో కూర్చున్నారు. హెడ్మాస్టరుగారు కుర్చీలో ఉన్నారు. బావగారు పెట్టె తెరిచి వేలు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, తొడుక్కున్నారు. రంగు బాగా కలిసింది. గోరు కూడా అచ్చం గోరులాగే ఉంది.

"రబ్బరు వేలితో సామం చెప్పకూడదని ఎక్కడైనా ఉందాండీ?" అని హెడ్మాస్టరుగారు సందేహపడ్డారు.

"చెప్పొచ్చనీ లేదు, కూడదనీ లేదండీ. ఋషుల కాలానికి రబ్బరు లేదు కదా," అన్నారు బావగారు.

అందరూ నవ్వేరు. చాలాకాలానికి ఆయన చెయ్యి బయటికి వచ్చింది, దాంతో వసారాకే కొత్త కళ వచ్చినట్టుంది. నేనైతే ఆ పాటికే మనసులో దండలు వేయించుకుంటున్నాను.

మొదలుపెట్టేరు. చూపుడువేలి మీద బొటనవేలు ఆగింది. నడిమి వేలి మీద ఆగింది. నాలుగో స్వరం దగ్గరికి వచ్చేసరికి, కరెంటు పోయినప్పుడు స్విచ్చు కోసం గోడ తడిమినట్టు, బొటనవేలు సిలికాను మీద తడుముకుంది. గొంతు కూడా తడబడింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు. మళ్ళీ అక్కడే చిక్కు పడింది. ఈసారి ఆపేసేరు.

"బావా, కణుపు ఇక్కడ కాదోయ్."

"అక్కడే బావగారూ. ఎడంచేతిది తిప్పి పెట్టిందే. తేడా రాదు."

"నీ తిప్పడం సంగతి నాకు తెలీదు. కణుపు పైకి పోయింది. వేలు కూడా కాస్త పక్కకి ఒరిగింది."

"కొత్త కదండీ. నాలుగు రోజులు పోతే అలవాటవుతుంది."

"కొత్త చెప్పులా, అలవాటవడానికి? చెప్పు కరిస్తే కాలు ఓర్చుకుంటుంది. ఇక్కడ పొరపాటు నేను అలవాటు చేసుకుంటే వీళ్ళందరికీ అదే అలవాటవుతుంది."

ఒక పిల్లాడు కిసుక్కుమన్నాడు. ఎవర్ని చూసి నవ్వేడో తెలీదు. నన్నే అనుకున్నాను. నెలరోజుల చిరాకు నాలిక మీదికి వచ్చేసింది.

"కొలత సరిగ్గానే ఉందండీ. ఇన్నాళ్ళూ చెయ్యి కప్పుకుని కూర్చున్నారు. స్వరం చోటు మీరే మర్చిపోయి ఉంటారు."

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టేరు.

బావగారు నన్ను నువ్వు అంటారు. కోపం వస్తేనే మీరు అంటారు. "ఆయ్, అంతేనేమోనండీ. మీరు చదువుకున్నవారు, మీ కొలత తప్పదు," అన్నారు. వేలు తీసి, ఉత్తరీయం కొసతో తుడిచి, పెట్టెలో పెట్టి, పెట్టె నా చేతికిచ్చేరు. తర్వాత హెడ్మాస్టరుగారి వైపు తిరిగి, "విదియకి ఆయన్నే రమ్మనండి" అన్నారు. చెయ్యి మళ్ళీ ఉత్తరీయం కిందికి వెళ్ళిపోయింది.

నేను ఇల్లు చేరేలోపే కబురు చేరింది. నా భార్య గుమ్మంలోనే ఉంది.

"వదిన ఫోను చేసింది. అన్నారా ఆ మాట?"

"ఏదో మాటవరసకి..."

"మాటవరసకైతే పెరట్లో అనాలి, పిల్లల ముందు కాదు. ముప్ఫై ఏళ్ళుగా అదే చెప్తున్నవాడు అది మర్చిపోతాడా? రేపు నేను వంటిల్లు ఎక్కడుందో మర్చిపోయేనంటారు."

"నేను నెలరోజులుగా కష్టపడింది ఎవరి కోసం? మీ అన్నయ్య కోసం కాదూ?"

"కాదండీ. మీ ప్రోగ్రాం గొప్పదని చూపించుకోడానికి. అన్నయ్య కోసమైతే, కణుపు ఇక్కడ కాదన్నప్పుడు, మరి ఎక్కడండీ అని అడిగేవారు."

పనసపొట్టు కూర చేసేనని, గిన్నెలు బల్ల మీద ఉన్నాయని, పెట్టుకుని తినమని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. నాకు వడ్డించకపోవడం మా ఇంట్లో అరుదు.

తినలేదు. లాప్‌టాప్ తెరిచేను. ఎందుకు తెరిచేనో నిజం చెప్పాలి. పశ్చాత్తాపంతో కాదు, నేను కరెక్టని చూపించే బొమ్మ ఒకటి తయారుచేసి బావగారికి పంపుదామని. జత కుదిరిందో లేదో చూడడానికి మేము రంగులు వాడతాం. మొదటి చేతికి చోటుకో రంగు పూస్తాం. ఆ రంగులు జతల వెంట నడిచి రెండో చేతి మీదికి వెళతాయి. అక్కడ కూడా అవే చోట్ల అవే రంగులు కనిపిస్తే లెక్క కుదిరినట్టు. ఎడంచేతి ఉంగరపు వేలి గోటికి ఎరుపు, నడిమి కణుపుకి పసుపు పూసేను.

కుడిచేతి బొమ్మ మీద, కోత మచ్చ ఉన్నచోట ఎరుపు మెరిసింది. పసుపు, మిగిలిన మొదలు మధ్యలో కూర్చుంది.

అంటే నా ప్రోగ్రాం లేని వేలు లేదని ఒప్పుకోలేదు. నిండు వేలిని నలిపి, కుదించి, మిగిలిన ఆ చిన్న మొదల్లోకి తోసేసింది. ప్రతి చుక్కకీ జత ఉండి తీరాలన్నది దాని పట్టు. ఆ పట్టు దానికి నేర్పింది నేనే. కుంచించుకుపోయిన వేలిని తర్వాత నేను కంటి అంచనాతో సాగదీసి, పొడుగు సరిపోయిందనిపించేదాకా లాగి, రాజమండ్రి పంపేను. సాగదీతలో కణుపు పెసరగింజంత పైకి జరిగింది. ఒక పక్కకి తిరిగింది కూడా. ఉంగరం పెట్టుకుని పెళ్ళిళ్ళకి వెళ్ళేవాడికైతే ఆ తేడా జన్మలో తెలియదు.

ఈ ఎరుపు నేను చూడడం ఇవాళే మొదటిసారి కాదు. నెల కిందటే చూసేను. కోత దగ్గర స్కాను సరిగ్గా రాలేదులే అనుకుని బొమ్మని పక్కకి తిప్పేసేను. ఒక్క ఫోను చేసి, బావగారూ ఒకసారి రండి, అంటే సరిపోయేది. మనిషిని పిలవడం కన్నా మనిషి చెయ్యి తప్పనుకోవడం నాకు తేలికైంది.

కరెంటు పోయింది. ఫాను ఆగింది. ఆ ఉక్కలో తెర కేసి చూస్తూ కూర్చున్నాను. కోపం చల్లారలేదు గానీ, ఎవరి మీదికి తిప్పాలో ఈసారి తెలిసింది. చొక్కా వేసుకుని, లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని మళ్ళీ పలివెల బయల్దేరేను. నా భార్య ఎక్కడికని అడగలేదు. గేటు మాత్రం తీసి పట్టుకుంది.

బావగారి భార్య, అక్కయ్యగారు, తలుపు తీసేరు. మంచినీళ్ళు ఇచ్చేరు. కాఫీ తాగుతారా అని అడగలేదు. ఆ ఇంట్లో నాకది మొదటిసారి. "పెరట్లో ఉన్నారు," అని మాత్రం అన్నారు.

బావగారు పీట మీద కూర్చుని చీపురుకని కొబ్బరాకుల ఈనెలు తీస్తున్నారు. కత్తి ఎడంచేత్తో పట్టుకున్నారు. ఆకుని కుడిచేతికి మిగిలిన నాలుగు వేళ్ళతోనూ మొండి మొదలుతోనూ నొక్కి పట్టుకున్నారు. నన్ను చూసి, "రండి" అన్నారు. తలెత్తలేదు.

నేను నేలమీదే కూర్చుని లాప్‌టాప్ ఆయన ముందు పెట్టేను.

"ఈ ఎరుపేమిటండీ?"

"గోరండీ. ఎడంచేతి గోరు."

"ఇక్కడ?"

"మీ కోత మచ్చ మీద."

కాసేపు చూసేరు. "నా మచ్చకి గోరు మొలిపించేరన్నమాట."

"ఆయ్."

"పొద్దున్న నన్ను ఆ మాట అన్నప్పుడు, ఇది మీకు తెలుసా?"

దారి పొడుగునా నేను భయపడిన ప్రశ్న అదే. తెలీదంటే నమ్మేసేవారు. కంప్యూటరు సంగతి, ఆయనకేం తెలుస్తుంది.

"పొద్దున్న గుర్తులేదండీ. కానీ నెల కిందట చూసేను. స్కాను తప్పనుకుని వదిలేసేను. మిమ్మల్ని అడగడానికి నామోషీ వేసింది. క్షమించండి బావగారూ."

ఆయన ఇంకో ఆకు తీసుకున్నారు. ఈనె చివరిదాకా చీరి పక్కన పడేసేరు.

"ఇక్కడ క్షమించమంటే ఈ కొబ్బరాకులకి తప్ప ఎవరికి వినిపిస్తుందోయ్? నన్నన్నావు, నేను పడ్డాను, మా చెల్లెలి మొగుడివి కాబట్టి సరిపెట్టుకుంటాను. పిల్లలు విన్నారు. రేపు నేను చెయ్యి చూపిస్తే, ఇది అసలు చోటా, ఈయన మర్చిపోయి పెట్టిన చోటా అని చూస్తారు. ఒకసారి ఆ చూపు మొదలైతే ఇంక నేనేం చెప్పను? వేలు పోయినప్పుడు కూడా నాకింత కష్టం వెయ్యలేదు."

"పదండి. అక్కడే చెప్తాను."

"సంధ్యావందనం కానీ," అన్నారు. లోపలికి చూసి, "ఇదిగో, వీడి మొహాన కాస్త కాఫీ పొయ్యి," అని కేకేసేరు.

"పోస్తాను లెండి. ముందు ఆ చెప్పేదేదో చెప్పి రానివ్వండి," అన్న మాట వంటింట్లోంచి వచ్చింది. కాఫీ రాలేదు.

సాయంత్రం పాఠశాల వసారాలో పిల్లలు మళ్ళీ కూర్చున్నారు. హెడ్మాస్టరుగారిని కూడా ఫోను చేసి రమ్మన్నాను. ఏం చెప్పాలో దారిలో బాగానే సర్దుకున్నాను. నిలబడేసరికి అంతా పోయింది.

"పొద్దున్న నేను మీ గురువుగారు స్వరం చోటు మర్చిపోయారన్నాను. అది అబద్ధం. ఆయన చెప్పిందే సరైనది. కణుపు పైకి పోయిన మాట నిజం, వేలు ఒరిగిన మాట నిజం. కొలత తప్పు చేసింది నేను. తప్పని తెలిసే అవకాశం ఉండి కూడా చూసుకోలేదు. మీ ముందు అన్నాను కాబట్టి మీ ముందే చెప్తున్నాను."

అని, బావగారికి నమస్కారం పెట్టేను. ఆయన ఇబ్బందిగా కదిలేరు.

"ఇంతకీ తేడా ఎంతండీ?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"పెసరగింజంత ఉంటుందండీ."

"ఓస్! అంతేనా?"

"మీకు అంతేనండీ," అన్నారు బావగారు. "మీరు లెక్కల మాస్టారు. రెండూ రెండూ నాలుగూ పెసరగింజా అని ఒక్క పిల్లాడికైనా మార్కులు వేసేరా?"

హెడ్మాస్టరుగారు నవ్వేసి, "సరేనండీ, ఒప్పుకున్నాం. మరి అసలు చోటు ఎక్కడ?" అన్నారు.

బావగారు పిల్లలకేసి చూసేరు. తర్వాత ఉత్తరీయం తొలగించి, కుడిచెయ్యి మోకాలి మీద పెట్టి, చెప్పడం మొదలుపెట్టేరు. బొటనవేలు చూపుడువేలి కణుపు మీద ఆగింది. నడిమి వేలి కణుపు మీద ఆగింది. నాలుగో స్వరం రాగానే, లేని వేలి దగ్గరికి వెళ్ళి, ఖాళీ గాలిలో ఒకచోట టక్కున ఆగింది. తడుముకోలేదు. మొండి మొదలు కూడా దాన్ని అందుకోడానికి కొంచెం వంగింది. స్వరం ఎక్కడా వణకలేదు.

నేను నెలరోజులు చుక్కలు వెతికింది చర్మం మీద. ఆ చుక్క చర్మం మీద లేదు. ఎడంచేతిలోనూ లేదు. ఎడంచెయ్యి ఎప్పుడూ సామం చెప్పలేదు కదా, దాని కణుపులు వేరు. ఇన్నేళ్ళుగా ఆ బొటనవేలు ఆగే చోటే కొలత. అది చూడాలంటే ఆయన్ని ఒక్కసారి చెప్పమని అడిగితే చాలు.

"బావగారూ, మళ్ళీ చెప్తారా? నాలుగో స్వరం దగ్గర చెయ్యి అలాగే ఉంచితే స్కాను తీసుకుంటాను."

ఫోను పట్టుకుని ఆయన చుట్టూ తిరిగేను. సగంలో ఫోనులో చోటు లేదని వచ్చింది. పాత వీడియోలు చెరిపి మళ్ళీ మొదలెట్టేను. ఈసారి బొమ్మ అలుక్కుపోయింది. కదలకండి అనబోయి, మాట మింగేసి, "నేనే తొందరపడ్డానండీ, ఇంకోసారి తిరుగుతాను" అన్నాను. చాలాసార్లు చెప్పించేను. ప్రతిసారీ బొటనవేలు వెళ్ళి అదే చోట ఆగింది. తర్వాత ఆయన పక్కనే కూర్చుని, బాల్ పెన్నుతో ఆయన చేతి మీదే చుక్కలు పెట్టేను. ప్రతి చుక్కకీ ముందు అడిగేను, ఆయన ఊఁ అన్నాకే పెట్టేను. మొదలు ఎక్కడ ఆగిపోతుందో ఒక గీత గీసేను. దాని అవతల జత వెతకొద్దని ప్రోగ్రాముకి చెప్పడానికి ఆ గీత.

"మరి ఆ వచ్చే ఆయనకి ఏం చెప్పమంటారండీ?" అన్నారు హెడ్మాస్టరుగారు.

బావగారు చేతి మీద ఇంకు గుర్తులు చూసుకుంటూ, "రావద్దని చెప్పండి. వేలు వస్తే వేలితో చెప్తాను, రాకపోతే ఇలా గాలిలోనే చూపిస్తాను. అందరూ చూసేసేక ఇంక దాపరికం ఏముంది?" అన్నారు. పిల్లల వైపు తిరిగి, విదియకి ఏది వల్లెవేసి రావాలో చెప్పి, ముందు వరసలో ఉన్న ఒకడి చెయ్యి అందుకుని, వాడి బొటనవేలిని కణుపు మీద సరిగ్గా పెట్టేరు.

ఇంటికి వచ్చి కొత్త స్కానుతో లెక్క మళ్ళీ కట్టేను. గీతకి ఇవతలి చుక్కలకే జతలు వెతికించేను. అవతల ఏమీ లేదని వదిలేసేను. ఎడంచేతి వేలిని తెచ్చి, దాని కణుపు బొటనవేలు ఆగిన చోటుకి వచ్చేలా నిలబెట్టేను. అది రాజమండ్రి పంపుతూ ఒక ఉత్తరం కూడా రాసేను. మొదటి వేలు కుదరకపోవడం మీ పని లోపం కాదు, తొడుక్కున్నవారి లోపం అంతకంటే కాదు, కొలత ఇచ్చింది నేను, తప్పు నాది, ఆ అచ్చు పారేయండి అని. ఈసారి మైనంతో నమూనా చేసి నాకు పంపొద్దు, తిన్నగా పలివెల తీసుకెళ్ళి ఆయన చేతికి పెట్టి చూడండి, ఆయన సరే అనేదాకా సిలికాను పొయ్యకండి అని కూడా రాసేను. కింద నా ఫోను నంబరు వెయ్యలేదు. బావగారిది వేసేను.